రోడ్డు కింద తూర్పు సగం

ఆ కొత్త రోడ్డు మీద బస్సులో పోతుంటే ఒకచోట నా నోట్లోంచి దానంతటదే ఒక తిట్టు వస్తుంది. పక్కసీటు మనిషి తననే అన్నాననుకుని జరిగి కూర్చుంటాడు. కాళ్ళు చాపుకోవడానికి చోటు దొరుకుతుంది కాబట్టి నేనూ వివరం చెప్పను. ఆ తిట్టు ఎవరికి చెందాలో వాళ్ళు బస్సుల్లో తిరగరు.

నేను చదివింది ఏడో తరగతి వరకు. ఎనిమిదికి బడి మారాలన్నారు, ఏన్కూరు దాకా నడవాలన్నారు. నేను నడవలేదు. బడి కూడా నన్ను వెతుక్కుంటూ రాలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు కరెంటు స్తంభాలకు గుంతలు తీశాను. వైరా నుంచి బూర్గంపాడు దాకా నా గుంతలో నిలబడని లైను తక్కువ. పాత స్తంభం పీకి, పక్కన కొత్తది పాతేటప్పుడు ఒక సంగతి నేర్చుకున్నాను. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి మళ్ళీ పాతమట్టి కాదు. రంగు తేడా ఉంటుంది. గడ్డపార దిగే తీరు తేడా ఉంటుంది. కళ్ళు మూసుకుని పొడిచినా చేతికి తెలిసిపోతుంది. ఈ విద్య ఎందుకైనా పనికొస్తుందని నేను ఏనాడూ అనుకోలేదు.

ఆ రోడ్డు కోసం అడవి అంచున ఒక జామాయిల్ తోట కొట్టేశారు. మొద్దులు పెకిలిస్తుంటే వేళ్ళతోపాటు నల్లటి, ఎర్రటి కుండపెంకులు, రెండు రాతిగొడ్డళ్ళు పైకి వచ్చాయి. ఎవరో ఫోటో తీసి పైకి పంపారు. పైనుంచి పట్నం మేడం ఒకామె వచ్చింది, తవ్వకాల మేడం. ముప్పై రోజుల్లో ఏం చూసుకుంటారో చూసుకోండి, తర్వాత రోడ్డు వస్తుంది అని ఆమెకు కాగితం రాసిచ్చారు. గుంతలు తీసే మనుషులు కావాలని మా ఊళ్ళో అడిగితే అందరూ నన్నే చూపించారు. ఇంకే విషయంలోనూ మా ఊరు నన్ను అంత ఏకగ్రీవంగా ఎన్నుకోలేదు.

మొదటిరోజు గడ్డపార, పార భుజాన వేసుకుని వెళ్ళాను. మేడం వాటిని చెట్టు కింద పెట్టించి నా చేతిలో ఒక తాపీ, ఒక రంగులేసే కుంచె పెట్టింది.

"ఇదేంది మేడం?"

"తాపీ అన్నా."

"తాపీ అని నాకూ ఎరకే. దీంతోని గుంతలు తీస్తే మీ ముప్పై రోజుల పని నా బిడ్డ పెండ్లి దాకా సాగుతది."

"గుంత తీయొద్దన్నా. ఎప్పుడో తీసిన గుంతలు ఎక్కడున్నాయో వెతకాలి."

వేల ఏళ్ళ కింద ఇక్కడ ఉన్న మనుషులు గుంజలు పాతి ఇళ్ళు కట్టుకున్నారట. గుంజ మురిగి మన్నయింది. గుంత పూడిపోయింది. పైన ఇంకో మట్టి పేరుకుంది. ఆ పైమట్టిని మెల్లగా గీకితే, ఎర్రనేల మీద గుంత ఉన్నంత మేర గుండ్రంగా నల్లమచ్చ కనిపిస్తుంది. ఆమె అంత చెప్పేసరికి నేను తాపీతో నాలుగడుగులు గీకి, నీళ్ళు చిలకరించి, "గిది ఒకటి, అగో అది ఇంకొకటి" అన్నాను. మేడం నా మొహంలోకి చూసింది. ఆ చూపు కోసం బడిలో ఏడేళ్ళు కూర్చున్నాను, అక్కడ ఒక్కసారీ దొరకలేదు.

మచ్చ దొరికాక దాన్ని సగమే తవ్వాలి. నిలువునా సగం కోసి, మిగతా సగం గోడలా వదిలేస్తే లోపల గుంజ ఎంత లావుండేది, ఎంత లోతుకు దిగింది, పక్కన రాళ్ళు ఎట్లా బిగించారు, అన్నీ కనిపిస్తాయి. కరెంటు పనిలో నేను సగం గుంత తీసిన రోజు కాంట్రాక్టరు మా అమ్మను కూడా తిట్టాడు. ఇక్కడ సగం తీసి ఆపితే శభాష్ అన్నారు.

పనికి వచ్చినవాళ్ళలో ఒక పెద్దమ్మ ఉండేది. మాకు చుట్టం కాదు, మేమంతా అలా పిలిచేవాళ్ళం, మేడం మాత్రం అవ్వా అనేది. అడవి లోపలి గూడెం నుంచి నడిచి వచ్చేది. తనలో తాను గొణుక్కునేటప్పుడు వాళ్ళ భాష, మమ్మల్ని తిట్టేటప్పుడు తెలుగు. తన ఇల్లు తానే మూడుసార్లు గుంజలు పాతి లేపుకున్న మనిషి. ఒకరోజు నేను కోసిన గుంత అడుగున చుట్టూ బొగ్గు కనిపించింది.

"ఇల్లు కాలిపోయింది మేడం," అన్నాను పెద్ద పండితుడిలా.

పెద్దమ్మ తట్ట దించి వంగి చూసింది. "కాలిపోలే. కాల్చిండ్రు. గుంజ అడుగు మూరెడు మంటల పెట్టి, నల్లగైనంక పాతుతం. చెద పట్టదు. నీకు స్తంభాలు తప్ప గుంజలు తెల్వయి, ఊకో."

మేడం ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది. తర్వాత చూస్తే ప్రతి గుంతలోనూ అడుగున బొగ్గు, పైన లేదు. రెండు పెద్ద గుంతలు దొరికాయి, నోరు ఇరుకు, కడుపు వెడల్పు, అడుగున బూడిద, మాడిన గింజలు. మేడం వాటికి నోరు తిరగని ఇంగ్లీషు పేరు చెప్పింది. పెద్దమ్మ, "పాతర," అంది. "జొన్నలు పోసి, మీద గడ్డేసి, మన్నుతోని మూస్తరు. మా అత్తగారింట్ల నేను దిగిన కూడా. లోపల ఊపిరాడదు." ఆ తర్వాత ఆ ఇంగ్లీషు పేరు మేడం నోట కూడా వినబడలేదు.

ఇరవై రోజులు దాటేసరికి తొమ్మిది గుంజల గుంతలు తేలాయి. నూలుదారం పట్టి కలిపితే సగం చక్రం. పడమటి సగం. మిగతా సగం తూర్పున ఉండాలి. ఖర్మ ఏమిటంటే పడమటి సగం రోడ్డు పక్క కాలువలో పడుతుంది, తూర్పు సగం సరిగ్గా రోడ్డు నడిమధ్యలో పడుతుంది.

ఆ సగం చక్రం చూసిన రోజు నుంచి మేం దాన్ని సైటు అనడం మానేశాం. ఇల్లు అన్నాం. పెద్దమ్మ దారం దాటేటప్పుడు చెప్పులు విడిచేది. నేను లోపల నిలబడి బీడీ ముట్టిస్తే, "వంట జేసుకునే కాడ ఏంది ఆ పొగ, బయటికి నడు," అనేది. వంట ఎక్కడ చేసుకునేవాళ్ళో ఆమెకు తెలుసు. నడుమ కాలిన మన్ను ఉండే చోట.

తెలియనిది ఒక్కటే. వాకిలి. పడమటి సగంలో గుంజలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, మనిషి దూరే సందు ఎక్కడా లేదు. అంటే వాకిలి తూర్పు సగంలో ఉంది.

"పొద్దు పొడిచే దిక్కుకే ఉంటది," అంది పెద్దమ్మ.

"ఎందుకుంటది? వాగు ఉత్తరం కాడ ఉన్నది. నీళ్ళు తెచ్చెటోళ్ళు ఇల్లు చుట్టూ తిరిగి వస్తరా? వాగు దిక్కే ఉంటది," అన్నాను నేను.

"నువ్వు తెస్తివా నీళ్ళు ఏనాడన్న?"

మేడం నవ్వి, "తూర్పు సగం తీస్తే తెలుస్తుంది," అంది. వాకిలి దగ్గర గుంజలు జంటగా ఉంటాయట, నేల తొక్కి తొక్కి బండలా గట్టిపడి ఉంటుందట. ఆమెకు అది మాలాగా పందెం కాదు. "కొన్ని గుంతలు దొరికాయి అని రాస్తే ఎవరూ రెండోసారి చదవరన్నా. వాకిలి దొరికితే ఇది ఇల్లు అని రాయొచ్చు. ఈ పక్క ఇంతవరకు ఎవరూ రాయలేదు." రోడ్డు ఆపమని ఆమె అడగలేదు. ఇంకో పది రోజులు కావాలని అడిగింది. పెద్దసారు వచ్చి చూసి నిర్ణయిస్తారని జవాబు వచ్చింది. ఆయన వస్తానన్న రోజుతో కలిపి మాకు మూడు రోజులే మిగులుతాయి.

సారుకు చూపించడానికి తూర్పు వైపు పైమట్టి గీకి పెట్టాం. నాలుగు మచ్చలు కనిపించాయి. మే నెల ఎండకు నేల ఆరిందంటే మచ్చలు మాయమైపోతాయి. నీళ్ళు చల్లితే మళ్ళీ తేలుతాయి. అందుకని పత్తికి మందు కొట్టే పంపు కొత్తది ఒకటి తెచ్చి, అందులో మంచినీళ్ళు పోసి, రోజూ పొద్దున, మధ్యాహ్నం నేల మీద చల్లేవాళ్ళం. పెద్దమ్మకు ఇది మొదటినుంచీ నచ్చలేదు.

"రోజూ ఉత్త నీళ్ళు చల్లుతరు. పేడ గలపకుంట చల్లితే అది సానుపేనా? దుమ్ము ఎట్ల అణుగుతది?"

"పట్నపోళ్ళ సానుపు గట్లనే ఉంటది పెద్దమ్మా," అనేవాణ్ణి.

పెద్దసారు వచ్చే ముందురోజు సాయంత్రం మేడం టెంటులో ఫోటోలు సర్దుకుంటోంది. మేం ఇంటికి బయలుదేరుతున్నాం. నా నోరు ఊరుకోలేదు.

"పెద్దమ్మా, రేపు సారు మన ఇల్లు చూడనీకి వస్తుండు. ఇల్లు గిట్లనే ఉంచుతవా? ఇజ్జత్ పోదా?"

"నాకు తెల్వదా," అంది ఆమె. తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను నవ్వుకున్నాను. ఇంటికెళ్ళి మా ఆవిడకు కూడా చెప్పి నవ్వించాను.

పొద్దున నేను వెళ్ళేసరికి పెద్దమ్మ అప్పటికే పని ముగించి చేతులు కడుక్కుంటోంది. తూర్పు సగం మొత్తం ఎర్రమన్ను, పేడ కలిపి నున్నగా అలికి ఉంది. ఒక్క పగులు లేదు, ఒక్క వేలి గుర్తు లేదు. మా మచ్చలు లేవు. అంచున రెండు ముగ్గుగీతలు. ఒక మూల మూత పెట్టిన చెంబులో తాగే నీళ్ళు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు కూడా అంత అందంగా అలకరు.

"ఎట్లున్నది?" అని అడిగింది.

జీవితంలో నాకు జోకు తట్టని సందర్భం అదొక్కటే.

మేడం వచ్చింది. చూసింది. గట్టు మీద కూర్చుండిపోయింది.

"ఎంత మందం వేశావవ్వా?"

"రెండు చేతులు. ఒక చెయ్యి వేస్తే పొక్కిలి లేస్తది గదా బిడ్డా."

"అన్నా, గీకితే ఎంతసేపు పడుతుంది?"

"తడి మీదుంది. ఇప్పుడు గీకితే కింది మన్ను కూడా లేస్తది. కొంచెం ఆరనిచ్చి గీకితే సాయంత్రం."

సారు పదకొండుకు వస్తానన్నాడు. తొమ్మిదిన్నరకే వచ్చాడు. చెప్పిన టైముకు ముందే వచ్చిన ఆఫీసరును నేను అంతకుముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు. దిగీ దిగగానే బూట్లతో ముగ్గు తొక్కాడు. పెద్దమ్మ చెంబు అందించబోతే తన సీసా ఎత్తి చూపించాడు.

"ఎక్కడమ్మా మీ ఇల్లు?"

మేడం పడమటి సగం చూపించింది. కోసిన గుంతలు, బొగ్గు, పాతరలు. సారు తల ఊపాడు. అన్నం తినేటప్పుడు ఫోన్లో ఎవరో మాట్లాడుతుంటే ఊపుతామే, అలా. "ఇది తవ్వేశారు కదా, అయిపోయింది. పది రోజులు దేనికి?"

"తూర్పున ఇంకా ఉన్నాయి సార్. నిన్నటిదాకా నాలుగు కనిపిస్తున్నాయి. పొద్దున పొరపాటున..." అంటూ ఫోన్లో ఫోటోలు తెరిచి చూపించబోయింది.

సారు ఫోను కూడా చేతిలోకి తీసుకోలేదు. "అంటే మీ ఇల్లు పేడ కింద ఉందంటారు."

సారు వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. దాంతో సారుకు ఊపొచ్చింది.

"ఒక్క బకెట్ పేడనీళ్ళకు పోయేదానికి పది రోజులిస్తే మాత్రం ఏం మిగులుతుందమ్మా?"

అందరూ గట్టిగా నవ్వారు. జోకులేసేవాడికి మంచి జోకు విన్నప్పుడు పెదవి కదలకుండా ఉండదు. నా మొహం మీద కూడా సగం నవ్వు వచ్చింది. సారు అన్న మాటను నేను మరిచిపోయినా పోతానేమోగానీ, ఆ సగం నవ్వును మాత్రం నన్ను నేను ఇంతవరకు క్షమించుకోలేదు. మేడం ఇంకా మాట్లాడుతూనే ఉంది. అలికిన మట్టి తీసేస్తే కింద అంతా భద్రంగానే ఉంటుందని, సాయంత్రానికల్లా చూపిస్తానని, రేపు ఇంకొక్క గంట వస్తే చాలని. ఎవరూ వినడం లేదు.

సారు మనిషి కారు బానెట్ మీద కాగితం పెట్టాడు. గాలికి లేస్తోంది.

"ఏయ్, ఆ మూల పట్టుకో," అన్నాడు నన్ను చూసి.

పట్టుకున్నాను. ఇంగ్లీషు కాగితం. నాకు ఇంగ్లీషు రాదు, కానీ రెండు మాటలు బాగా వచ్చు. ఇరవై ఏళ్ళు స్తంభాల ఫైళ్ళు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మోసినవాణ్ణి. నో అబ్జెక్షన్. పైన తారీకు టైపు చేసి ఉంది. అది ఆ రోజు తారీకు కాదు. మొన్నటిది. పెద్దమ్మ ఇంకా పేడ కలపకముందు, నేను ఇంకా జోకు వేయకముందు, సారు ఇంకా కారెక్కకముందు టైపు చేసిన కాగితం. ఆ ముగ్గు, ఆ ఫోటోలు, మేడం అరగంట బతిమాలడం, అన్నీ ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి ముందు సారు చూసిన తమాషా.

నేనేం చేశాను? మూల గట్టిగా పట్టుకున్నాను, సంతకం వంకర పోకుండా. నోటితో బతికేవాణ్ణి, నోరు తెరవలేదు. కారు వెళ్ళిపోయింది.

"ఏమన్నడు బిడ్డా?" అని అడిగింది పెద్దమ్మ.

"ఏం లేదవ్వా," అంది మేడం. టెంటులోకి వెళ్ళి ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. సార్లందరూ మీటింగుల్లో ఉన్నారు.

పెద్దమ్మ తెలివితక్కువ మనిషి కాదు. చేతులు చూసుకుంటూ కూర్చుంది. "నా చేతులతోనే పోగొట్టిన," అంది.

నేను పక్కన కూర్చున్నాను. "నువ్వు కాదు పెద్దమ్మా, నేను. నిన్న ఎక్కిరిచ్చిన. నువ్వు నిజమనుకున్నవ్."

"నువ్వు జెప్తే చేసిననా? నీ మాట ఎవడు ఇంటడు. మనిషి ఇంటికొస్తుండు, అలికిన. గంతే."

"సరే, గట్లనే. కానీ ఒకటి విను. సారు తెచ్చిన కాగితం మీద తారీకు మొన్నటిది. ముందే రాసుకొని వచ్చిండు. నువ్వు అలికినా అలకకపోయినా గదే సంతకం."

ఆమె మనసు తేలికపడుతుందనుకున్నాను. ఆమె నా వైపు తిరిగింది. అంత కోపం ఆమె మొహంలో అంతకుముందు చూడలేదు.

"అంటే నా పేడ లెక్కల్నే లేదా?"

"లేదు."

"మూడు గంటలకు లేచిన. వాగు కాడికెంచి నీళ్ళు మోసిన. తప్పన్న నాదైతదనుకున్న. తప్పు కూడా నాది గాదంటవ్."

టెంటు గుమ్మంలో మేడం నిలబడి ఉంది, ఫోను చేతిలో. "తారీకు నిజంగా చూశావా అన్నా?"

"చూసిన."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

ఆమె తిట్టినట్టు అడగలేదు. తిట్టి ఉంటే ఏదో ఒక ఎదురుమాట అనేవాణ్ణి. చెప్పినా ఏమీ మారేది కాదని అనుకుంటూ ఉంటాను. చెప్పి, ఏమీ మారకపోతే, అది వేరే సంగతి.

తెల్లారి ఎనిమిదింటికి డోజరు వస్తుందని కబురు వచ్చింది. మిగిలిన రెండు రోజులు కూడా పోయాయి. పెద్దమ్మ లేచి తాపీ తీసుకుంది. తను అలికిన నేలను తనే, జానెడు జానెడు, పొట్టు వలిచినట్టు వలవడం మొదలుపెట్టింది. నేను, మేడం రెండో చివర నుంచి. నెత్తి మీద ఎండ పెనంలా ఉంది. ఎవరో టీ తెస్తే పెద్దమ్మ తాగలేదు. పొద్దు వాలేసరికి నాలుగు మచ్చలూ తేలాయి. ఐదోది ఒకటి కొత్తది దొరికింది. జంట గుంజలు మాత్రం లేవు. ఇంకా తూర్పున టిప్పర్లు ముందే పోసి వెళ్ళిన కంకర కుప్ప ఉంది. దాన్ని జరిపే హక్కు మాకు లేదు.

పొద్దున డోజరు ఏడున్నరకే వచ్చింది. ఆపరేటరు బూర్గంపాడు భాయ్, మా స్తంభాల లైన్లలో నాకు పాత పరిచయం. దిగి వచ్చి మా గుంతలు చూశాడు.

"ఏంది అన్నా, స్తంభాలు బంద్ జేసి గిండ్ల పడ్డవ్?"

"పాత లైను దొరికింది భాయ్. కరెంటు లేనప్పటిది."

"మజాక్ బంద్ జెయ్యి. నాకు ఇయ్యాల ఇది చదును చెయ్యాలని చెప్పిండ్రు."

"ఎరకే. కొంచెం టైం ఇయ్యి."

"ఎంత గావాలె?"

"పది రోజులు."

భాయ్ నవ్వాడు. పెద్దమ్మ తల ఎత్తకుండానే, "గీన్ని కూడా నవ్వనియ్యి. అందరు నవ్విండ్రు," అంది. భాయ్ నవ్వు ఆపేశాడు. ఆమె చుట్టూ తిరిగి, మేడం మొహం చూసి, నన్ను పక్కకు పిలిచాడు. జరిగింది మొత్తం చెప్పాను. తారీకు సంగతి కూడా. అది బయటివాళ్ళకు చెప్పడం అదే మొదలు, దాన్ని వినిపించుకోవాల్సినవాళ్ళకు కాకుండా డోజరు భాయ్‌కి.

భాయ్ బండి దగ్గరికి వెళ్ళి ఫోన్ తీశాడు. "సార్, రేడియేటర్ గరం అయితుంది. హా సార్. పన్నెండు దాకా చల్లారాలె. జల్దీ జెయ్యమంటే ఇంజన్ సీజ్ అయితది, మీ ఇష్టం." అటువైపు అరుపులు మాకు వినిపించాయి. భాయ్ ఫోను చెవికి దూరంగా పట్టుకుని బండి నీడలో పడుకున్నాడు.

మాకు నాలుగు గంటలు దొరికాయి. ఐదు మచ్చల్లో మూడింటిని సగానికి కోశాం. మూడింటిలోనూ అడుగున బొగ్గు. పదకొండు దాటాక పెద్దమ్మ కంకర కుప్ప అంచున గీకుతూ ఆగింది. అరచేతితో నేల తట్టింది. "సూడు," అంది. తాపీ పెడితే టక్‌మంది. పక్కనున్న మట్టి తాపీకి లేస్తోంది, ఇది లేవడం లేదు. తొక్కి తొక్కి బండలా అయిన నేల. మేడం మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో తడుముతూ వెళ్ళింది. రెండడుగులు, మూడడుగులు. గట్టినేల కంకర కుప్ప కిందికి వెళ్ళిపోయింది.

"ఇంకో రెండు గజాలు," అంది మేడం. ఎవరితోనో తెలియదు.

కుప్పను చేతులతో లాగడం మొదలుపెట్టాను. రెండు తట్టలు లాగితే పైనుంచి నాలుగు తట్టలు జారుతోంది. నేను బూతులు తిడుతూ లాగాను. పట్నం మేడం ముందు మాట్లాడకూడని మాటలన్నీ మాట్లాడాను. ఆమె వద్దనలేదు. కంకర లాగుతూనే ఉంది, వేళ్ళు చీరుకుపోతున్నా.

పన్నెండున్నరకు రోడ్డువాళ్ళ జీపు దుమ్ము కనిపించింది. భాయ్ లేచి వచ్చాడు.

"అన్నా, ఇగ నాతోని గాదు."

"అవ్ భాయ్. నీది చాలా అయింది."

మేడం కాగితం పలక మీద బొమ్మ పూర్తి చేస్తోంది. పడమటి తొమ్మిది గుంతలు, తూర్పు ఐదు, పాతరలు, గట్టినేల ముక్క. వాటిని కలుపుతూ గీత గీసింది. కంకర కుప్ప దగ్గరికి వచ్చేసరికి గీత ఆపి చుక్కలు పెట్టింది. పెద్దమ్మ ఆమె భుజం మీదుగా చూసింది.

"ఈ చుక్కలేంది?"

"తెలియని చోట గీత గీయకూడదవ్వా. చుక్కలు పెట్టాలి."

"తెల్వకపోవుడేంది? గట్టినేల ఎటు పోయిందో సూడలే? వాకిలి పొద్దు దిక్కే. ఆడ గీయి."

"వాగు దిక్కు కూడా కావచ్చు," అన్నాను. ఆ సమయంలో కూడా అన్నాను. ఒప్పుకుంటే ఇల్లు అయిపోయినట్టేనని భయమేసింది.

"చూడకుండా గీయలేనవ్వా," అంది మేడం.

"సూడనియ్యలేదని రాయి మరి."

మేడం పెన్సిలు ఆపింది. "రాస్తే పైవాళ్ళు కొట్టేస్తారు."

"కొట్టెయ్యనీ. నువ్వయితే రాయి."

మేడం చుక్కల పక్కన తెలుగులోనే రాసింది, చిన్న అక్షరాలతో. చూడనివ్వలేదు. పెద్దమ్మకు చదువు రాదు కాబట్టి నన్ను చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. వెనక డోజరు మొదలైంది. పెద్దమ్మ అటు తిరగలేదు. పొడి చేతులతోనే తాపీలు తుడిచి, లెక్కగా సంచిలో పెట్టి, గూడెం దారి పట్టింది. భాయ్ పడమటి గుంతలను మొదట ముట్టుకోలేదు. తూర్పు నుంచే మొదలుపెట్టాడు. అలాగే చేయమని జీపు మనిషి చెప్పాడు. రోడ్డుకు కావాల్సింది అదే కదా.

ఏడాది తర్వాత మేడం అచ్చయిన రిపోర్టు నాకొకటి, పెద్దమ్మకొకటి పోస్టులో పంపింది. ఇంగ్లీషులో ఉంది. బొమ్మ వెతికాను. అన్నీ ఉన్నాయి, చుక్కలు కూడా ఉన్నాయి. చుక్కల పక్కన మాత్రం ఏమీ లేదు, తెల్లకాగితం. నా కాపీ పట్టుకుని గూడేనికి వెళ్ళి పెద్దమ్మకు ఆ బొమ్మ చూపించాను. ఏం రాశారని అడిగింది. ఏం రాయలేదని చెప్పాను. ఆమె బొమ్మను ఇటు తిప్పి, అటు తిప్పి చూసి, నా జేబు వైపు చేయి చూపించింది.

జేబులో బాల్‌పెన్ను ఉంది. రెండు కాపీల్లోనూ చుక్కల పక్కన ఆ కొట్టేసిన మాట రాశాను. నా చేతిరాత ఏడో తరగతి దగ్గరే ఆగిపోయింది, పెద్ద పెద్ద అక్షరాలు, చుక్కల మీద నుంచి పోయి పక్క బొమ్మలోకి కూడా ఎక్కాయి. కానీ చదవడానికి వస్తుంది.